ఆగకుండా పాడమన్నాను

పోయిన నెల ఒక యూట్యూబ్ ఛానల్ పిల్లగాడు మా అమ్మాయి బ్యాండును కూర్చోబెట్టి మాట్లాడించాడు. "ఈ పాట వెనక కథేంది బ్రో?" అని అడిగాడు. గిటార్ వాయించే నరేష్‌కుమార్ జుట్టు వెనక్కి తోసుకుని, "ఒకరోజు వానల ఎల్బీ నగర్ మెట్రో కింద నిలబడ్డం బ్రో. ట్యూన్ గట్లనే ఒచ్చేసింది" అన్నాడు.

వాన ఒక్కటే నిజం. మిగతాదంతా అబద్ధం.

వాళ్ళ బ్యాండు పేరు 'పిల్లర్ పక్కన'. మా దగ్గర ఏ అడ్రసు అడిగినా మెట్రో పిల్లర్ నంబరు చెప్పి దాని పక్కన అంటారు. ఆ మాటే పేరు పెట్టుకున్నారు. వాళ్ళ పాటలన్నీ అరుపులే. వింటే తల నొస్తుంది. ఈ ఒక్క పాట మెత్తగా ఉంటుంది. డ్రమ్ములు లేవు, కరెంటు గిటార్ లేదు. ఒక బాక్స్ గిటార్, మా సింధూర గొంతు, వెనక కర్ర చప్పుడు. జనం దాన్ని ప్రేమ పాట అనుకుంటున్నారు. పెళ్ళి వీడియోలకు పెట్టుకుంటున్నారు. పెట్టుకోనీ. నేను జరిగింది రాస్తాను. ఊరి బడిలో చదివిన చదువు దానికి చాలు.

నా పేరు బ్రహ్మం. మాది పోచంపల్లి పక్క ఊరు. నేత మా పని. మగ్గం మీద బతకలేక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ధనరాజ్ చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాను. మా వాళ్ళు నేసిన పట్టు ఒక్క అల్మారాలో ఉండేది. మిగతా గోడలన్నీ సూరత్ నుంచి వచ్చిన సింథటిక్ చీరలే. ఆ చీరలంటే నాకు పడదు. వాటి వల్లే మా మగ్గం గుంత పూడిపోయింది. రోజంతా వాటినే విప్పి చూపించి, వాటినే మడత పెట్టేవాణ్ణి.

నా భార్య భారతమ్మ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఆసు పోసింది. ఆసు అంటే అర్ధచంద్రం లాంటి చట్రం. అంచు పొడవునా మేకులుంటాయి. నడిమి మేకు నుంచి దారం తీసి అంచు మేకుకు వేయాలి. మళ్ళీ నడిమికి రావాలి. మళ్ళీ పక్క మేకుకు పోవాలి. ఒక చీరకు చెయ్యి వేలసార్లు పోయి రావాలి. మా ఆడవాళ్ళ భుజాలు అక్కడే అరిగిపోతాయి. చెయ్యి తడబడకుండా భారతమ్మ ఒక రాగం తీసేది. మొదటి చుట్టుకు 'లాభం' అనేది. మా పెద్దలు లెక్క ఒకటితో మొదలుపెట్టరు, లాభం అనే మొదలుపెడతారు. తర్వాత అంకెలు పోయి రాగమే మిగిలేది. దానికి మాటలు లేవు, చివర లేదు. దారం తెగితే ఆగుతుంది. ముడి వేస్తే మళ్ళీ సాగుతుంది. సింధూర ఆ చట్రం పక్కన చాప మీద పెరిగింది.

కరోనాలో భారతమ్మను దవాఖానలో చేర్చాం. నన్ను గేటు దాటనివ్వలేదు. బయట ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. ఫోన్ చేసింది. "చెయ్యి ఊకుంటలేదయ్యా, ఆసు పోస్తున్నట్టే ఆడుతున్నది" అంది. తర్వాత ఆ రాగం తీసింది. తీస్తూ తీస్తూ ఆపింది. నిద్ర పట్టిందనుకున్నాను. మళ్ళీ మొదలుపెడుతుందని ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను.

మళ్ళీ మొదలుపెట్టలేదు. మూసిన తలుపు బయట నిలబడటం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఇక సెల్లార్ సంగతి.

బ్యాండుకు చోటు దొరకలేదు. ఎక్కడ వాయించినా పక్కింటివాళ్ళు తిట్టేవారు. ఇంట్లో నేను తిట్టేవాణ్ణి. ధనరాజే పిలిచి దుకాణం కింద సెల్లార్‌లో వాయించుకోమన్నాడు. వాళ్ళది ఇక్కడి పాత కుటుంబం. ఆ రోడ్డు మీది కాంప్లెక్సులు ఒకప్పుడు వాళ్ళ జొన్న చేలు. సెల్లార్ కాగితాల మీద పార్కింగు. లోపల మాత్రం చీరల బేళ్ళు. అందుకే షట్టర్‌కు ఎప్పుడూ తాళం. పిల్లలు లోపల వాయిస్తున్నప్పుడు కూడా బయటి నుంచి తాళం వేసేవాడు.

"గట్లెందుకన్నా?" అని అడిగాను.

"అరె బ్రహ్మం, షట్టర్ తెరిచుంటే ఎవడన్న ఆఫీసరు తొంగి చూస్తడు. పార్కింగ్‌ల గోదాం పెట్టినవని నోటీసిస్తడు. తాళముంటే ఎవడూ అడగడు. ఫికర్ చెయ్యకు, నేనీడనే ఉంట కదా."

పిల్లలు నవ్వారు. "లాకప్‌ల రాక్ బ్యాండ్ అంకుల్ మాది" అన్నాడు కమలాకర్. అతను డ్రమ్ములు వాయిస్తాడు. మనిషి భారీ, నోరు పెద్దది, గుండె చిన్నది. మా వీధిలో ఇంకా చాలా సెల్లార్లకు అదే పద్ధతి. అందుకే ఎవరికీ అది తప్పుగా తోచలేదు.

ఆ రోజు ధనరాజ్ చంపాపేటలో చుట్టాల లగ్గానికి పోతూ తాళం వేశాడు. గుత్తి నడుముకు దోపుకుని, "గంటల ఒస్త బ్రహ్మం, దుకాణం చూస్కో" అన్నాడు.

సాయంత్రం వాన మొదలైంది. మామూలు వాన కాదు. ఎదురుగా ఉన్న కర్రీ పాయింట్ బోర్డు కనపడలేదు. మా వీధి పల్లంలో ఉంటుంది. మూసారాంబాగ్ వైపు పోయే నాలా పొంగితే నీళ్ళు ముందు మమ్మల్నే పలకరిస్తాయి. రోడ్డు మీద చెప్పులు తేలుతూ పోయాయి. తర్వాత ఒక చెత్త డబ్బా పోయింది. తర్వాత ఒక స్కూటీ, నడిపేవాడు లేకుండా.

సెల్లార్ గుర్తొచ్చి కిందికి పరిగెత్తాను. దిగుడు దారి బావిలా నిండి ఉంది. షట్టర్ సగం వరకు మునిగింది. లోపల వాళ్ళు ఇంకా వాయిస్తూనే ఉన్నారు. ఆ మోతలో వాళ్ళకు నీళ్ళ చప్పుడే వినపడలేదు. షట్టర్ మీద నేను కొట్టిన దెబ్బలు కూడా డ్రమ్ముల్లో కలిసిపోయాయి.

లోపల తీగలున్నాయి. ప్లగ్గులు నేల మీదే ఉంటాయి. మళ్ళీ పైకి ఉరికాను. కర్రీ పాయింట్ జోగారావు గడప మీద నిలబడి వాన చూస్తున్నాడు. అతనిది గోదావరి వైపు.

"జోగారావూ, మెయిన్ తియ్యి! సెల్లార్ల పిల్లలున్నరు, మెయిన్ తియ్యి!"

"ఓరి నాయనో!" అని అతను మా కాంప్లెక్స్ మెట్ల కింద మీటర్ల దగ్గరికి ఉరికాడు. ఫ్యూజులు లాగి కింద పడేశాడు. కాంప్లెక్స్ అంతా చీకటైంది. మోత ఆగింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత కేక.

పక్క సందులో, రోడ్డు మట్టానికి కొంచెం పైన, సెల్లార్‌కు గాలి కోసం పెట్టిన అడ్డ కిటికీ ఉంది. దానికి ఇనుప జాలీ. నేను నీళ్ళలో బోర్లా పడుకుని జాలీకి మొహం ఆనించాను. లోపల చీకటి తప్ప ఏమీ కనపడలేదు.

"సింధూరా!"

"నాయినా! నీళ్ళొచ్చినయ్. షట్టర్ కిందికెల్లి తన్నుకొస్తున్నయ్. షట్టర్ తియ్యమను."

"తాళం ధనరాజ్ దగ్గరున్నది బిడ్డా."

కమలాకర్ గొంతు వచ్చింది. "అంకుల్, నాకు ఈత రాదంకుల్. పగలగొట్టుండ్రి అంకుల్. ఏమన్న చెయ్యుండ్రి."

ధనరాజ్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, సెల్లార్లకు నీళ్ళొచ్చినయ్."

"బేళ్ళు తడిసినయా?" అన్నాడు.

"పిల్లలున్నరన్నా లోపల."

"అయ్యో దేవుడా. బ్రహ్మం, షట్టర్ జోలికి పోకుండ్రి. ఎత్తితే బయటి నీళ్ళన్నీ ఒక్కసారే వాళ్ళ మీద పడతయ్. నేనొస్తున్న. కారు ఆగిపోయింది, నడుసుకుంట ఒస్తున్న."

షట్టర్ గురించి అతను చెప్పింది నిజమే. మొదట అడిగింది మాత్రం నేను మరచిపోలేదు.

ఫైరింజన్‌కు జోగారావు ఫోన్ చేశాడు. వస్తున్నామన్నారు. రావడానికి రోడ్డు ఎక్కడుంది?

నీళ్ళు రోడ్డు మీద పెరుగుతున్నాయి. కిటికీ గడప అందుకుంటే జాలీలోంచి లోపలికి దూకుతాయి. అది నేను పిల్లలకు చెప్పలేదు.

"బేళ్ళ మీదికెక్కుండ్రి. మీదిమీదికి ఎక్కుండ్రి."

"ఎక్కినం నాయినా. ఫోన్లు నీళ్ళల పోయినయ్, ఏం కనపడుతలేదు. మేం షట్టర్ దిక్కున్నం. నీ దిక్కు రావాల్నా?"

"వద్దు! నడుమ సంపు ఉన్నది. మూత తేలిపోయుంటది. చీకట్ల అడుగెయ్యకుండ్రి."

నేలలో తవ్వి కట్టిన ఆ నీళ్ళ సంపు నేను చూశాను. మనిషి నిలువెత్తు లోతు. కాలు పడితే తల కనపడదు. వాళ్ళకూ నాకూ మధ్య ఆ గుంత, దాని మీద నల్లటి నీళ్ళు.

నేను లేచి పైకి పోవాలి. గడపకు అడ్డం పెట్టడానికి ఏదైనా తేవాలి. కానీ లేస్తే ఆమె గొంతు వినపడదు. దవాఖాన గేటు దగ్గర నా చెవి దగ్గర ఫోన్ ఎలా ఉండిపోయిందో అది గుర్తొచ్చింది.

"బిడ్డా, పాట పాడు."

"ఏంది?"

"పాడు. గట్టిగ పాడు. ఆగకు. నీ గొంతు ఇనపడుతుంటే నేను పని చేసుకుంట."

ఆమె వాళ్ళ అరుపుల పాట ఒకటి ఎత్తుకుంది. రెండు చరణాలకే గొంతు చీరింది. దగ్గు వచ్చింది. పక్కన కమలాకర్ ఏడుపు ఇంకా పెరిగింది.

"అది కాదు. అమ్మది పాడు. దమ్ము పట్టి మెల్లగ పాడు, ఇనపడుతది."

సింధూర చిన్నగా, భారతమ్మ అన్నట్టే, "లాభం" అంది. రాగం మొదలైంది. ఎవరో దానికి కర్రతో స్తంభం మీద కొట్టడం మొదలుపెట్టారు. అది కమలాకరే. వాడి చేతికి పని దొరికింది, ఏడుపు ఆగింది. నరేష్‌కుమార్ తన బాక్స్ గిటార్‌ను తడవకుండా నెత్తి మీద పెట్టుకున్నాడట. దాన్ని దించి తీగలు సవరించాడు.

మా సింధూర పాట అంత శ్రద్ధగా నేను ఎప్పుడూ వినలేదు. అది విని ఆనందించే సమయం కాదు. ప్రతి ఊపిరి దగ్గరా, ఇక ఆగుతుందేమో, ఇక ఆగుతుందేమో అనుకుంటూ దుకాణంలోకి పరిగెత్తి చీరల కట్టలు మోసుకొచ్చాను. కిటికీ గడప ముందు కట్టల్ని పేర్చాను. జోగారావు అన్నం వార్చే పెద్ద గిన్నెలు తెచ్చి వాటి వెనక ఆనించాడు. నీళ్ళు కట్టల మీదికి ఎక్కి చూశాయి. కొంత ఆగాయి. కొంత దారి వెతుక్కున్నాయి.

ఇద్దరం జాలీ పట్టుకుని గుంజాం. కదల్లేదు.

"ఏవండీ బ్రహ్మంగారూ, చేత్తో గుంజితే రాదండీ ఇది. బండికి కట్టి లాగించాలి."

"బండేది?"

"అదిగోనండీ, ట్యాంకరు!"

నీళ్ళ ట్యాంకర్ ఒకటి మూల మీద నిలిచిపోయి ఉంది. డ్రైవర్ తిరుపతి లోపలే కూర్చుని బీడీ తాగుతున్నాడు. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో వెళ్ళి కిటికీ కొట్టాను. విషయం చెప్పాను. బీడీ పారేసి బండి వెనక్కి తెచ్చాడు. నిండు ట్యాంకర్ కాబట్టి వరదకు కొట్టుకుపోలేదు.

"తాడున్నదా తమ్మీ?"

"తాడుంటే నేనీడ ఎందుకు నిలబడ్త కాకా. పొద్దున్నే ఎవడో ఎత్కపోయిండు."

చుట్టూ దుకాణాలన్నీ మూతపడ్డాయి. తాడు లేదు, గొలుసు లేదు. నా వెనక దుకాణం నిండా చీరలున్నాయి.

నేను నేతగాణ్ణి. నా చెయ్యి మా అల్మారాకే పోయింది. పట్టు చీరలు తీశాను. మా ఊరి పట్టు. ఆ పోగు బలం ఈ చేతులకు తెలుసు. "దీంతోటి ఏనుగును కట్టొచ్చు" అన్నాను జోగారావుతో. చీరల్ని మెలిపెట్టి పేని, జాలీకి కట్టి, ఇంకో కొస ట్యాంకర్ వెనక కొక్కేనికి కట్టాను. తిరుపతి బండి కదిలించాడు. పట్టు బిగుసుకుంది. జాలీ కిర్రుమంది. అంతలో ముడి జారింది. తడిసిన పట్టు పాములా జారిపోయి నీళ్ళలో పడింది. చీర చిరగలేదు. ముడే నిలవలేదు.

మళ్ళీ కట్టాను. మళ్ళీ జారింది.

"బ్రహ్మంగారూ, ఇంకేదైనా చీర చూడండీ."

"ఇది తెగదు."

"తెగదండీ, జారుతోంది కదండీ!"

మూడోసారి ముడి వేస్తుండగా లోపల దబ్బున చప్పుడైంది. తడిసిన బేళ్ళు కూలిపోయాయి.

పాట ఆగింది.

నేను ముడి వదిలేసి జాలీకి చెవి ఆనించాను. నీళ్ళు గోడకు కొట్టుకుంటున్నాయి. అంతే. "సింధూరా" అన్నాను. "సింధూరా" అన్నాను మళ్ళీ. నా గొంతు లోపలికి పోయి తిరిగి నాకే వచ్చింది. అదే నిశ్శబ్దం. నాకు తెలిసిన నిశ్శబ్దం. ఫుట్‌పాత్ మీద విన్నదే. జోగారావు నా భుజం పట్టుకున్నాడు. ఏదో అంటున్నాడు. నాకు వినపడలేదు. ఈసారి కూడా నేను బయటే ఉన్నాను.

అప్పుడు స్తంభం మీద రెండు దెబ్బలు.

టక్, టక్.

తర్వాత దగ్గు. "ఉన్న నాయినా. మునిగి లేచిన. ముగ్గురం ఉన్నం."

"గొంతు రాకుంటే కొట్టు" అన్నాను. "పాట ఆగినా సరే. రెండు దెబ్బలు కొట్టు. ఉన్నవని తెలుస్తది."

టక్, టక్ అంది.

ఆ తర్వాత నేను ఏ అల్మారా అని చూడలేదు. చేతికి దొరికిన కట్ట విప్పాను. సూరత్ చీరలు. గరుకు సింథటిక్. మెలిపెట్టాను. ముడి కరుచుకుంది. తిరుపతి బండి ముందుకు దూకింది. జాలీ గోడ పెచ్చులతో సహా ఊడి వచ్చి నీళ్ళలో పడింది.

మేం నేసింది జారింది. మమ్మల్ని ముంచిన చీర పట్టి నిలబడింది. దానికి నేను దండం పెట్టలేదు. ఇప్పటికీ పెట్టను.

జాలీ పోయాక గడప దగ్గర కట్టలు కదిలాయి. నీళ్ళు లోపలికి పోవడం మొదలైంది. నేను కట్టలకు వీపు ఆనించి కూర్చున్నాను. జోగారావు నా పక్కన కూర్చున్నాడు. భారీ మనిషి. ఆ రోజు అది పనికొచ్చింది.

"డ్రమ్ము తేలుతున్నదా?" అని అరిచాను.

"పెద్దది తేలుతున్నది!"

"దాన్ని పట్టుకోండ్రి. కాళ్ళు కింద పెట్టకుండ్రి. గోడ ఎంబడి రాండ్రి. సంపు నడుమ ఉన్నది, గోడ ఇడవకుండ్రి."

వాళ్ళు పెద్ద డ్రమ్మును కౌగిలించుకుని గోడ పట్టుకుని వచ్చారు. చీకట్లో కర్ర దెబ్బలు గోడ మీద నెమ్మదిగా దగ్గరవుతుంటే విన్నాను. ఒకసారి కమలాకర్ కేక వేశాడు. కాలు ఖాళీలో పడింది. డ్రమ్ము వదల్లేదు. అందుకే బతికాడు.

ముందు కమలాకర్ చేతులు కనపడ్డాయి. తిరుపతి, నేను పట్టి లాగాం. వాడి ఒంటికి ఆ కిటికీ చాల్లేదు. చొక్కా చిరిగింది, తోలు ఊడింది, వచ్చాడు. తర్వాత గిటార్ వచ్చింది. గిటార్ కాదు ముందు నువ్వు రారా అని తిట్టాను. నరేష్‌కుమార్ వచ్చాడు.

"బిడ్డా?"

లోపల ఆమె ఒక్కతే ఉంది. డ్రమ్ము పక్కకు కొట్టుకుపోయింది. నేను లేచిన చోట ఒక కట్ట జారి లోపల పడింది. దాని వెంట నీళ్ళు దూకాయి. ఆ నీళ్ళ కింద నుంచి రాగం వినపడింది. పాట అనడానికి లేదు. ముక్కుతో తీస్తున్న కూనిరాగం, భారతమ్మ చివర్లో తీసినట్టు. నేను తల లోపల పెట్టి చెయ్యి చాపాను. చెయ్యి గాలిలో తిరిగింది. మళ్ళీ తిరిగింది. వెంట్రుకలు తగిలాయి. పట్టుకున్నాను. నొప్పి పుట్టిందట. పుట్టనీ.

ఆమె బయటికి వచ్చాక కూడా చాలాసేపు జుట్టు వదల్లేదు.

ధనరాజ్ అప్పుడు వచ్చాడు. లగ్గం బట్టలు, చేతిలో గుత్తి. పిల్లలు కర్రీ పాయింట్ గడప మీద వణుకుతూ కూర్చున్నారు. అతను ఆయాసపడుతూ, "తాళం తెచ్చిన బ్రహ్మం" అన్నాడు. నేను మర్నాటి నుంచి దుకాణానికి పోలేదు. ఇప్పుడు చంపాపేటలో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్కలు కోస్తున్నాను.

ఆ తర్వాత చాలా రోజులు సింధూర తలుపు వేసిన గదిలో ఉండలేకపోయింది. స్నానాల గదికి కూడా గొళ్ళెం పెట్టేది కాదు. బ్యాండు మా అద్దె ఇంటి డాబా మీద కూర్చునేది. అక్కడ ఆ రాగం మళ్ళీ తీశారు. మాటలు చేర్చారు. పల్చటి మాటలు, నాకు పెద్దగా నచ్చలేదు. పాటకు 'ఆసు' అని పేరు పెట్టారు. రికార్డు చేసి ఫోన్‌లో పెట్టారు.

"అమ్మ రాగానికి చివర లేదు కదా నాయినా. అందుకే నడుమల ఆపేసిన" అని చెప్పింది.

అది తెలిశాక నేను ఆ పాటను చివరిదాకా వినలేదు. ఆగే చోటు వచ్చేలోగా ఫోన్ నొక్కేస్తాను. బస్సులో ఎవరి ఫోన్‌లోనైనా వస్తే తర్వాతి స్టాపులో దిగిపోతాను.

"సెల్లార్ ముచ్చట ఎందుకు చెప్తలేరు?" అని అడిగాను ఆ ఇంటర్వ్యూ చూశాక.

"చెప్తే పాటెవరు ఇంటరు నాయినా? అందరూ నీళ్ళ గురించే అడుగుతరు. నాకు మళ్ళ మళ్ళ అండ్లకు దిగాలని లేదు."

ఆమె దిగనక్కరలేదు. నేను ఎలాగూ రోజూ దిగుతున్నాను.

పోయిన వారం ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో వాళ్ళ ప్రోగ్రాం. "నువ్వు రావాలె" అంది. ఎప్పుడూ అలా అడగలేదు. పోయాను. ముందు వరసలో కుర్చీ ఉంచారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

మొదట ధనరాజ్‌ను స్టేజీ మీదికి పిలిచారు. పెద్దమనిషి కదా. సింధూరకు శాలువా కప్పాడు. మైకు అందుకుని, "గీ బ్యాండు నా సెల్లార్లనే పుట్టింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సింధూర దండం పెట్టింది. శాలువా మడిచి డ్రమ్ముల వెనక పెట్టింది. ఆమెకు మర్యాద తెలుసు. వాళ్ళమ్మ నేర్పింది.

దిగి వస్తూ అతను నా దగ్గర ఆగాడు. తగ్గు గొంతుతో, "బ్రహ్మం, ఇంక కోపమేనా? ఒట్టేసి చెప్తున్న, ఆ రాత్రి నుంచి నాకూ నిద్ర లేదు" అన్నాడు.

"తాళం తెచ్చినవా?" అన్నాను.

వెళ్ళిపోయాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయేమో. నేను చూడలేదు.

వాచ్‌మన్ తలుపు మూయడానికి వచ్చాడు. "ఏసీ పోతది పెద్దాయనా. జరుగు."

"ఏస్కో. గొళ్ళెం పెట్టకు."

"రూల్ ఉన్నది..."

"గొళ్ళెం పెట్టకు."

నా మొహం చూసి ఊరుకున్నాడు. తలుపు మూసుకుంది. హాలులో దీపాలు ఆర్పారు. చీకట్లో ఎవరో ఈల వేశారు.

"లాభం" అంది సింధూర.

కర్ర చప్పుడు, గిటార్, ఆ రాగం. జనం కదలకుండా విన్నారు. నా ముందు కూర్చున్న పిల్ల తన పక్కవాడి భుజం మీద తల వాల్చింది. నాకు నీళ్ళ వాసన వచ్చింది. బేళ్ళు తడిసిన వాసన. వెనక తలుపు పిడి పట్టుకున్నాను. ఆగే చోటు రాకముందే బయటికి పోదామనుకున్నాను. పోలేదు. పోతే ఆమె లోపల, నేను బయట.

ఒక ఊపిరి. ఇంకో ఊపిరి. రాగం ఒక మెట్టు ఎక్కింది.

ఆగింది.

చీకటి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అయిపోయిందో లేదో వాళ్ళకు తెలియదు. నాకు తెలిసిన నిశ్శబ్దం హాలు నిండా పరుచుకుంది. ఆమె పేరు పిలవబోయాను. గొంతు రాలేదు.

టక్, టక్.

సింధూర మైకు స్టాండు మీద కొట్టింది. రెండు దెబ్బలు. ఆ పాట చివర అది ఉందని నాకు తెలియదు. జనమంతా రోజూ వింటున్నారు, నేనొక్కణ్ణే వినలేదు.

నా చెయ్యి దానంతటదే లేచింది. నా వెనక తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాను.

చీకట్లో ఆమె మొహం ఇటు తిరిగినట్టు అనిపించింది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. వాచ్‌మన్ నా చెవి దగ్గరికి వంగాడు.

"ఏంది పెద్దాయనా, బయటికి పోతవా?"

"పోను" అన్నాను.